గూడలూరు అడవిలో తెల్లోళ్ళ బంగారు గని: అసలు బంగారం దొరికిందా?

గుణుపురం శీను:

అందరికీ నమస్కారం. మాది గుణుపురం, రాయగడ జిల్లా. పాత సంగతులు తెలిసినవాళ్ళు, గనుల్లో పనిచేసినవాళ్ళు ఇక్కడ ఉన్నారని చూసి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా తమ్ముడు తమిళనాడులో, నీలగిరి జిల్లా దేవాల దగ్గర ఒక టీ తోటలో సూపర్‌వైజరు. మన వైపు సవర, కొంధు కుర్రాళ్ళు చాలామంది ఇప్పుడు తోటపనికి అటే పోతున్నారు కదా, రాయగడలో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మళ్ళీ బండి మారకుండా కోయంబత్తూరులో దిగడమే. సంక్రాంతి అయ్యాక నేనూ వెళ్ళి పది రోజులు ఉండొచ్చాను. ఒకరోజు వాడు "నీకో తమాషా చూపిస్తా" అని తోట వెనక్కి తీసుకెళ్ళాడు. టీ వరసలు ఆగిపోయి అడవి మొదలవుతుంది, జనవరిలో కూడా ఆకుల మీంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఒకచోట మొక్కలు పక్కకి తోస్తే కొండలోకి ఒక బిలం. మనిషి నడుం వంచితే పోవచ్చు. లోపల మోకాలి లోతు నీళ్ళు, కదలిక లేదు, మంచులా చల్లగా ఉన్నాయి. గబ్బిలాల కంపు. గోడ మీద చెయ్యి పెడితే ఉలి దెబ్బలు వేలికి తగులుతున్నాయి, అన్నీ ఒకే వాటంలో, నిన్న చెక్కినట్టు. ఫోన్ లైటు వేస్తే గోడలో జానెడు వెడల్పు తెల్లటి చార ఒకటి, నేల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా పోయింది. ఆ తెల్లరాయి ముక్క కింద పడి ఉంటే ఒకటి తెచ్చుకున్నాను. తుప్పు మరకలున్నాయి, మధ్యలో పసుపు మెరుపులు. బయటికొచ్చి చూసుకుంటే రెండు కాళ్ళకీ కలిపి ఏడు జలగలు.

అది తెల్లోళ్ళ బంగారు గని అట. అలాంటివి ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయట. ఇప్పటికీ రాత్రిపూట దొంగతనంగా దిగి తవ్వుకునేవాళ్ళున్నారని తమ్ముడు చెప్పాడు. అంతకుమించి అక్కడ ఎవర్నడిగినా తెలీదు. ఎవరు తవ్వారు, ఎప్పుడు, ఎంత తీశారు, ఎందుకు వదిలేశారు?

ఊరికే కుతూహలం కాదు, దీని వెనక ఒక టెన్షన్ ఉంది. మన ఒడిశాలో బంగారం పడిందని పేపర్లో వచ్చిన దగ్గర్నుంచి ఎవరో మా బావ వెనక పడ్డారు. నబరంగ్‌పూర్ వైపు గని వస్తోంది, ఇప్పుడు 50 వేలు కడితే వాటా ఇస్తామంటున్నారు. నేను తెచ్చిన ఫోటోలు చూశాక ఆయనకి ఇంకా నమ్మకం కుదిరిపోయింది. "చూసేవా, ఆ అడవిలో తెల్లోళ్ళు ఊరికే తవ్వుతారేటి?" అంటున్నాడు. నా దగ్గర సమాధానం లేదు. మా చెల్లి ఫోన్ చేసి ఏడుస్తోంది.

జయపురం మాస్టారు:

శీనూ బాబూ, మీ బావగారు అడిగిందే అసలు ప్రశ్న. దానికే వస్తాను. ముందొక సంగతి. ఈ కథ పాత కాగితాల్లో వయనాడు పేరుతోనే ఉంటుంది. పాత కాగితాల్లో వయనాడు అంటే ఇప్పటి జిల్లా కంటే పెద్దది, అందులో ఆగ్నేయ భాగాన్ని 1877లో మలబారు జిల్లా నుంచి తీసి నీలగిరిలో కలిపారు. గూడలూరు, దేవాల, పందలూరు ఆ ముక్కలోవే. చరిత్రలో "వయనాడు బంగారం" అంటే అదే. అప్పట్లో మన జయపురం సంస్థానం కూడా విశాఖపట్నం జిల్లాలో, అదే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, 1936లో ఒడిశా ఏర్పడేదాకా. ఇక్కడి జ్వరాల గురించి, అక్కడి బంగారం గురించి రిపోర్టులు చేరింది ఒకే సెక్రటేరియట్‌కి.

అక్కడ బంగారం ఉన్న మాట నిజం. తెల్లవాళ్ళు కనిపెట్టిందేమీ కాదు. అక్కడి ఆదివాసులు కురుంబలు, పణియలు వాగుల్లో ఇసుక కడిగేవాళ్ళు, కొండ చరియల్లో గుంతలు తీసేవాళ్ళు, అదీ తమకోసం కాదు, పైనున్న జమీందార్ల కోసం. పణియలు అప్పుడు వెట్టివాళ్ళు. ఇంగ్లీషువాళ్ళ కన్ను 1793 నుంచే ఆ బంగారం మీద ఉంది, 1831లో లెఫ్టినెంట్ నికల్సన్ అనే ఆయన్ని చూసి రమ్మని పంపారు. దాంతో ఏమీ తేలలేదు, మర్చిపోయారు.

ఇక్కడ కాఫీ కథ రావాలి. అది లేకపోతే ఈ బంగారం కథ అర్థం కాదు. ఆ కొండలన్నీ అడవి నరికి కాఫీ వేశారు. 1860ల్లో కాండం తొలిచే పురుగు పట్టింది. పదేళ్ళు తిరక్కుండా ఆకుమచ్చ తెగులు వచ్చింది, సిలోనులో కాఫీని మొత్తం తుడిచిపెట్టింది ఆ తెగులే. దొరలు అప్పుల్లో పడ్డారు. కొనే దిక్కులేని తోటలు చేతిలో ఉన్నాయి. ఆ తోటల్లోనే, మొక్కల మధ్య, తెల్లరాయి చారలు పైకి తేలి కనిపిస్తున్నాయి.

1874 ప్రాంతంలో ఆల్ఫా అని ఒక కంపెనీ దేవాల దగ్గర స్కల్ రీఫ్ అనే చార మీద పని మొదలుపెట్టింది. 1875లో జియలాజికల్ సర్వే నుంచి విలియం కింగ్ చూసి ఆచితూచి రాశాడు. అంతటితో ఆగితే ఏ గొడవా లేకపోయేది. 1879లో సర్కారు ఆస్ట్రేలియా నుంచి రాబర్ట్ బ్రౌ స్మిత్‌ని రప్పించింది. విక్టోరియా రాష్ట్రంలో గనుల శాఖ సెక్రటరీగా చేసిన మనిషి, కింది ఉద్యోగుల్ని కాల్చుకు తింటున్నాడని విచారణ జరిగితే 1876లో ఆ పదవి వదులుకున్నాడు. ఆయన 1880లో ఇచ్చిన రిపోర్టు గొప్ప ఆశాజనకంగా ఉంది. సర్కారు ముద్ర ఉన్న కాగితం! లండన్‌కి అంతకంటే ఏం కావాలి? 1880, 81ల్లో అక్కడ 40 దాకా కంపెనీలు పుట్టాయి, కాగితం మీద పెట్టుబడి 50 లక్షల పౌండ్లు, చాలావరకు ఈ వయనాడు పేరు చెప్పే.

ఆ డబ్బు ఎటు పోయిందో చూడండి. తెగులు పట్టిన తోటని దొర ఒక మధ్యవర్తికి అమ్ముతాడు. మధ్యవర్తి దాన్ని "బంగారు భూమి" అని ఎన్నో రెట్లకి కంపెనీకి అంటగడతాడు. కంపెనీ వాటాలు జనానికి అమ్ముతుంది. తోట ధరకే సగం డబ్బు పోతుంది, మిగిలినదాంట్లో మేనేజరుకి బంగళా, ఇంగ్లండు నుంచి రాయి దంచే యంత్రాలు. దంచడానికి సరైన రాయి ఎంతుందో ఎవరూ చూడలేదు. ఆ యంత్రాల్ని వానల్లో ఘాటు రోడ్డు ఎక్కించడమే ఒక పెద్ద తంతు, జ్వరంతో కూలీలు రాలిపోతుంటే. పందలూరు అనే పల్లె రాత్రికి రాత్రి పట్నమైంది. చివరికి రాయి దంచి చూస్తే టన్నుకి కొన్ని పెన్నీవెయిట్లు, అంటే కొద్ది గ్రాముల బంగారం, దాటలేదు. వాటాలు కుప్పకూలాయి. పందలూరు మళ్ళీ పల్లె. 1901లో హేడెన్, హ్యాచ్ అనే ఇద్దరు నిపుణులు మళ్ళీ అంతా తిరిగి చూసి, గిట్టుబాటు కాదని తేల్చేశారు.

కాబట్టి మీ బావగారికి చెప్పండి. తెల్లోళ్ళు ఊరికే తవ్వలేదు, వాటాలు అమ్ముకోవడానికి తవ్వారు. ఆ అడవిలో నిజంగా బంగారం దొరికింది కాఫీ తోటల దొరలకి.

లెక్కల రావు, పర్లాకిమిడి:

మాస్టారూ, బాగా చెప్పారు గానీ ఒక్క వైపే చెప్పారు. అదే 1880లో, అదే లండన్ డబ్బుతో కోలారులో కూడా కంపెనీలు పెట్టారు. అవీ మునిగేవే. మైసూర్ మైనింగ్ కంపెనీకి 1883 నాటికి చేతిలో డబ్బు దాదాపు అయిపోయింది, మూసేద్దామని వాటాదారులు గోల. మేనేజింగ్ సంస్థ జాన్ టేలర్ వాళ్ళు మిగిలిన కాస్తా కూడా పెట్టి చూద్దామని పట్టుబట్టారు. ప్లమర్ అనే గని కెప్టెన్ని పంపితే ఆయన కొత్తచోట తవ్వలేదు, పూర్వం మనవాళ్ళు తవ్వి వదిలేసిన గుంతల కిందకే పోయాడు, ఛాంపియన్ అనే బంగారు చార తగిలింది. ఆ తర్వాత 1902లోనే శివసముద్రం నుంచి కరెంటు తెచ్చుకున్నారు, 3 కిలోమీటర్ల పైన లోతుకి దిగారు, 2001 ఫిబ్రవరి 28న మూసేదాకా 800 టన్నుల పైన బంగారం తీశారు. మరి అక్కడా కంపెనీ కాగితాలే కదా, అక్కడా లండన్ దళారులే కదా? మోసం అని ఒక్క మాటలో తేల్చేస్తే కోలారు మిగలదు.

ఒక లెక్క చూపిస్తాను, బావగారికి ఇది తొందరగా ఎక్కుతుంది. పెన్నీవెయిట్ అంటే గ్రామున్నర, ఇంకొంచెం. 20 అయితే ఒక ఔన్సు, 31 గ్రాములు. ఉదాహరణకి టన్నుకి 3 వచ్చాయనుకోండి, 4.7 గ్రాములు. మన కొట్టు భాషలో అర తులం కూడా లేదు. టన్ను రాయంటే రెండున్నర అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టె నిండా రాయి. దాన్ని కొండలోంచి ఉలితో తొలిచి, మోసి, పిండిలా దంచి, కడిగితే వచ్చేది శనగ గింజంత. కోలారులో మొదటి రోజుల్లో టన్నుకి ఔన్సు దాటి వచ్చేది. తేడా అక్కడుంది. తవ్వేదాకా ఈ రెండింట్లో ఏది ఏదో లండన్‌లో కూర్చున్నవాడికి తెలీదు, అదే చిక్కు.

జయపురం మాస్టారు:

రావుగారూ, ఒప్పుకుంటాను. అయితే ప్లమర్ కిందకి తవ్వాడు. వయనాడులో చాలామంది కిందకి దిగకుండానే యంత్రాలకి ఆర్డరిచ్చారు. బ్రౌ స్మిత్ దొంగ అని నేననలేదు. పైపైన రాళ్ళు ఏరి పరీక్షకి పంపితే మంచి లెక్కలే వచ్చి ఉంటాయి. ఆయన రాసింది ఆయన నమ్మాడేమో. ఆయన రాసిందాన్ని అమ్ముకున్నవాళ్ళ సంగతి వేరు.

బల్లార్షా బాయి:

నమస్తే అన్నా. మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా, ఇంట్ల తెలుగే. మా నాయిన బొగ్గు బాయిల పనిచేసిండు, నేను ఇప్పుడు మైనింగ్ సర్దార్‌ని. చరిత్ర మాస్టారు చెప్పిండు, నేను ఇంకోటి చెప్త.

శీను అన్నా, నువ్వు ఆ బిలంల పోవుడు తప్పు. ఫోన్ లైటు, మోకాలి మట్టం నీళ్ళు, వంగి నడుసుడు... చదువుతుంటేనే నాకు చెమట పట్టింది. మా దగ్గర రోజూ సర్దార్ ముందుగాల పోయి, కర్రతో కప్పు కొట్టి సప్పుడు విని, గాలి చూసి, గప్పుడే మనుషుల్ని లోపలికి పంపుతడు. గట్టి రాయి అయితే ఖంగుమంటది, విడిపోయిన రాయి డప్పులెక్క మోగుతది. నీ బిలంకి నూట నలభై ఏండ్లయింది, కప్పు కొట్టి చూసినోడు లేడు. ఇంకోటి, నీళ్ళ కింద నేల ఉన్నదో లేదో నీకు తెలీదు. బంగారం బాయిలల్ల చార ఎటు పోతే అటు తవ్వుతరు, అడ్డంగ పోయేటోడు ఒకచోట సక్కగ కిందికి దిగుతడు. ఆ బావి నిండ నీళ్ళు నిండితే పైకి అంతా ఒక్క తీరే కనపడతది. నీ తెల్లచార కింద కూడా గట్లనే పోయి ఉంటది. ఇంకో అడుగేస్తే ఏమయ్యేదో.

గాలి సంగతి కూడా. గబ్బిలాలు ఉన్నయంటే మొదట్ల గాలి ఉన్నట్టే, లోపలికి పోతే మాత్రం ఉన్నట్టు కాదు. పాత బాయిలల్ల ఆక్సిజన్ తగ్గిపోతది, వాసన ఉండదు, మోకాళ్ళు వదులైతయి, కూలబడ్డంక లేవలేవు. రాత్రిపూట తవ్వేటోళ్ళు నీళ్ళు తోడనీకి ఇంజను లోపల పెడితే ఆ పొగకి నిమిషాలల్ల పోతరు. దేవాల వైపు గట్ల గుంతలల్ల చచ్చిపోయినోళ్ళు ఉన్నరని నేనూ చదివిన.

ఇంక మీ బావకి ఒక మాట. మా బొగ్గు బాయిల ఒక్క టన్ను బొగ్గు తీస్తే మొత్తం అమ్ముతం. బంగారంల టన్ను తీసి, దాదాపు టన్ను పారేస్తరు. ఆ పారేసినదే గుట్టలవుతది, కోలారుల ఇప్పటికీ ఉన్నయి సైనైడ్ గుట్టలు, గాలొస్తే ఊళ్ళ మీద దుమ్ము.

గుణుపురం శీను:

సర్దార్ అన్నా, చదివి తమ్ముడికి వెంటనే ఫోన్ చేశాను. మళ్ళీ అటు వెళ్ళొద్దని ఒట్టు పెట్టించుకున్నాను. మాస్టారికి, రావుగారికి దండాలు. బావకి అంతా చదివి వినిపించాను. టన్నుకి అర తులం కూడా రాదంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంటున్నాడు: "అప్పట్లో యంత్రాలు లేవు కాబట్టి రాలేదు, ఇప్పుడు మిషన్లు వేరు, ఆ బంగారమంతా ఇంకా అక్కడే ఉంది కదా?" దీనికేం చెప్పను?

ఇంకో సంగతి. ఆ రాత్రిపూట తవ్వేవాళ్ళెవరని తమ్ముణ్ణి అడిగితే, కొందరు సిలోను నుంచి వచ్చిన తమిళులని చెప్పాడు. ఇదేంటి, అక్కడ గని ఉందని వచ్చారా?

రాళ్ళ పిచ్చి, నబరంగ్‌పూర్:

శీను అన్నా, నేను జియాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. మీ బావగారి ప్రశ్న పిచ్చి ప్రశ్న కాదు, చాలా మంచి ప్రశ్న. మా క్లాసులో కూడా ఇదే అడుగుతారు.

ఆ కాలంలో బంగారం పట్టేది పాదరసంతో. రాయిని రోకళ్ళ లాంటి బరువులతో దంచి, ఆ బురదని పాదరసం పూసిన రాగి పలకల మీద పారిస్తారు, విడిగా ఉన్న బంగారం రేణువు పాదరసానికి అతుక్కుంటుంది. విడిగా ఉంటేనే. మీరు చెప్పిన తుప్పు మరకల రాయి చూడండి. నేల పైభాగంలో వాన నీరు, గాలి తగిలి ఇనుప గంధకం కుళ్ళిపోయి తుప్పుగా మారుతుంది, దాంట్లో ఇరుక్కున్న బంగారం విడిపోతుంది. దేవాలలాగా అంతంత వానలు పడేచోట ఈ కుళ్ళడం బాగా లోతుకి పోతుంది. అందుకే పైన ఏరిన రాళ్ళు పరీక్షలో అద్భుతంగా వస్తాయి. కిందకి దిగితే కుళ్ళని రాయి, బంగారం గంధకంలో బందీ, పాదరసం దానికి పనికిరాదు. మాస్టారూ, బ్రౌ స్మిత్ లెక్కలకీ మిల్లు లెక్కలకీ పొంతన లేకపోవడానికి ఇదీ ఒక కారణమని నా ఉద్దేశం. మోసం లేకుండానే మోసపోవచ్చు. సైనైడుతో కరిగించే పద్ధతికి మెక్‌ఆర్థర్, ఫారెస్ట్ సోదరులు పేటెంటు తీసుకుంది 1887లో, అప్పటికి వయనాడు కంపెనీలు మట్టిగొట్టుకుపోయాయి.

మరి సైనైడ్ వచ్చాక? 1901లో మళ్ళీ చూశారు. అయినా కుదరలేదు. ఇప్పుడు ప్రపంచంలో టన్నుకి 1 గ్రాము ఉన్న రాయి నుంచి కూడా లాభం తీస్తున్నారు, నిజమే. అది ఎక్కడంటే, కొండ కొండంతా ఆ 1 గ్రాముతో నిండి ఉండి, పైనుంచి బుల్డోజర్లతో గొయ్యి తీసి, రోజుకి వేల టన్నులు దంచగలిగే చోట. మీరు చూసిన చార జానెడు. జానెడు చార కోసం చుట్టూ మనిషి పట్టేంత వట్టి రాయి కూడా తవ్వి పారేయాలి. టన్నుకి ఎంత ఉందన్నది సగం ప్రశ్నే, ఎన్ని టన్నులు ఒకచోట ఉన్నాయన్నది మిగతా సగం. పైగా అది ఏనుగులు తిరిగే అడవి.

మన ఒడిశా విషయానికొస్తే, 2025లో అసెంబ్లీలో గనుల మంత్రి చెప్పిన జిల్లాల్లో మా నబరంగ్‌పూర్ ఉంది, నిజమే. ఆ రోజు మా ఇంట్లో కూడా స్వీట్లు పంచుతారేమో అనిపించింది. కానీ అన్వేషణలో మెట్లుంటాయి, జీ4 అంటే ఊరికే తిరిగి ఆనవాళ్ళు చూడడం, జీ3, జీ2 దాటి జీ1 దాకా వస్తేగానీ ఎంత ఉందో గట్టిగా చెప్పలేరు. ప్రతి మెట్టు దగ్గరా చాలావరకు రాలిపోతాయి. "బంగారం పడింది" అన్న మాట ఏ మెట్టు మీద నిలబడి అంటున్నారో అడగాలి. 2015లో చట్టం మారాక గని హక్కు వేలంలోనే వస్తుంది. ఏ బ్లాకు, ఏ వేలం, గెలిచింది ఎవరు, ఇవి మూడు అడగండి. జవాబు లేకపోతే వాళ్ళ చేతిలో ఉన్నది మీ బావగారి 50 వేలు ఒక్కటే.

మీ రాయికి ఇంట్లోనే పరీక్ష ఉంది. మెరిసే చుక్కని సూదితో గుచ్చండి. బంగారమైతే మెత్తగా నొక్కుకుంటుంది, పొడి అవ్వదు. పసుపు మెరుపు అంచులు పదునుగా, పెట్టెల్లా ఉండి, గుచ్చితే పగిలి నల్లటి పొడి వస్తే అది పైరైట్, ఇనుప గంధకం. ఆయుర్వేదం వాళ్ళు మాక్షికం అంటారే, ఆ జాతి.

జయపురం మాస్టారు:

అమ్మాయి చెప్పింది బంగారం లాంటి మాట, ఇది నాకు తెలీదు, ఈ పాదరసం సంగతి. ఆమె లెక్కన నేను బ్రౌ స్మిత్‌కి ఇంకాస్త క్షమాభిక్ష పెట్టాలి.

శీనూ, సిలోను తమిళుల సంగతి. గని కోసం వచ్చినవాళ్ళు కాదు. సిలోను టీ తోటల్లో తరతరాలుగా ఉన్న తమిళ కూలీలకి అక్కడ పౌరసత్వం ఇవ్వలేదు, 1964లో శాస్త్రిగారికీ అక్కడి ప్రధాని సిరిమావోకీ ఒప్పందం కుదిరి 5 లక్షల 25 వేల మందిని మనం తీసుకోవడానికి ఒప్పుకున్నాం. వాళ్ళకి పని చూపించడానికే తమిళనాడు సర్కారు గూడలూరు చుట్టూ టీ తోటలు వేసింది, అవే తర్వాత టాన్‌టీ అనే సర్కారు టీ సంస్థ అయ్యాయి. మనకి మల్కన్‌గిరిలో, ఉమర్‌కోట్‌లో దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు బెంగాల్ వాళ్ళని తెచ్చి పెట్టలేదూ, అలాంటిదే. టీ ధర పడిపోయి కూలి చాలకపోతే, ఇంటి వెనక దొరలు వదిలేసిన బొరియ ఉంటే, మనిషి దిగుతాడు. లండన్ కంపెనీకి శనగ గింజ గిట్టుబాటు కాదు. రోజు కూలివాడికి అది నెలల జీతం. ఆ గని పూర్తిగా మూతపడిందని నేననను.

లెక్కల రావు, పర్లాకిమిడి:

మాస్టారి చివరి మాట మీద చిన్న చేర్పు. మా పర్లాకిమిడిలో కంసాలి వీధిలో కొట్ల ముందు కాలవ మట్టిని తెల్లారకముందే ఊడ్చుకుపోయి కడుక్కునేవాళ్ళని చిన్నప్పుడు చూశాను. వాళ్ళకీ గిట్టుబాటు అయ్యేది. పెట్టుబడి ఏమీ లేదు కాబట్టి. బావగారు నిజంగా బంగారం మీద 50 వేలు పెట్టాలనుకుంటే చెల్లెలి పేరున గాజు ఒకటి చేయించమనండి, అది కనీసం తూచి ఇస్తారు. 2013లో చిట్‌ఫండ్‌లు మునిగినప్పుడు మా వీధిలో ఎవరెవరు ఏమేం పోగొట్టుకున్నారో నా దగ్గర లెక్క ఉంది, నాది కూడా అందులో ఉంది, ఎంతో మాత్రం అడక్కండి.

గుణుపురం శీను:

వారం తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

సూదితో గుచ్చితే నల్ల పొడే వచ్చింది చెల్లెమ్మా. అయినా బావ ఎదురుగా జరగాలని ఆయన్ని బండెక్కించుకుని మా ఊరి ముసలి కంసాలి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ముందు గీటురాయి కూడా తియ్యలేదు, రాయిని వేళ్ళ మధ్య తిప్పి చూసి నవ్వాడు. తర్వాత మా ముచ్చట తీర్చడానికి చిన్న పలుకు గిల్లి బొగ్గు మీద పెట్టి ఊదుగొట్టంతో ఊదాడు. నిప్పు అంటుకోగానే ఘాటు వాసన, అచ్చం దీపావళి మర్నాటి వీధిలాగా. బావకి దగ్గొచ్చింది. చివరికి బొగ్గు మీద మిగిలింది ఎర్రటి మసి.

"చూశావా బావా" అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని అన్నాడు గదా, "ఇది నువ్వు తెచ్చిన రాయి. వాళ్ళ రాయి వేరు."

జయపురం మాస్టారు:

వాళ్ళ రాయి కూడా ఒకసారి అదే కంసాలి దగ్గరికి తెమ్మనండి. డబ్బు కట్టకముందు.

గుణుపురం శీను:

అదే అడిగాను మాస్టారూ. ఆ రాయి ఆఫీసులో ఉంది, బయటికి ఇవ్వరు అన్నారట. మొన్నటి నుంచి బావ ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడు, "ఇవ్వరా? ఎందుకివ్వరు?" అని రెండుసార్లు నాకే ఫోన్ చేశాడు. ఆదివారం చెల్లిని తీసుకుని ఇంటికొస్తానన్నాడు.